శనగలు, సజ్జలు, చింతపండు

శ్రీరామనవమి పందిరికి గుంజలు పాతుతున్నారంటే నాకు ఇక పుస్తకం మీద ధ్యాస నిలిచేది కాదు. బడి వదలగానే సంచి అరుగు మీద పడేసి బాబాయి కొట్టుకు పరుగు తీసేవాణ్ని. పరీక్షల ముందు ఈ మైకు పిచ్చి ఏందిరా అని అమ్మ వెనకనుంచి కేకలేస్తూనే ఉండేది.

మాది తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారి పక్కన చిన్న ఊరు. నడిబొడ్డున రామాలయం, దాని ముందు రావిచెట్టు, తూర్పున పోలేరమ్మ గుడి, పడమటి చివర కాలవ. ఊరంతటికీ ఒకటే మైకు సెట్ల కొట్టు, అది మా బాబాయిది. పెళ్లికైనా పెద్దకర్మకైనా, హరికథకైనా నాటకానికైనా ఆయన రావాల్సిందే. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, అంటే 1983లో, ఆయన వెంట తిరగడం మొదలుపెట్టాను. జీతం ఏమీ లేదు. పెళ్లిళ్లలో మొదటి బంతిలో భోజనం, ఏ రికార్డు తర్వాత ఏది పెట్టాలో ఎంచుకునే హక్కు. ఆ వయసులో అంతకన్నా ఏం కావాలి?

సామాను మొత్తం ఎడ్లబండిలో సగానికి వచ్చేది. అల్యూమినియం లౌడుస్పీకరు గొట్టాలు నాలుగు, వాటి వెనక బిగించి శబ్దం పుట్టించే యూనిట్లు నాలుగు, రెండు మైకులు, ఒక స్టాండు, రికార్డు ప్లేయరు, రికార్డుల రేకు పెట్టె, తీగల చుట్టలు. ఇంకో చిన్న చెక్కపెట్టెలో టెస్టరు, స్క్రూడ్రైవరు, పాత బ్లేడు, నల్లటేపు, ఫ్యూజు తీగ, టంకం కడ్డీ. కరెంటుతో కాగే టంకం కడ్డీ కాదది. కర్రపిడికి బిగించిన రాగి ముక్క. పందిళ్ల దగ్గర కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు కాబట్టి వంటవాళ్ల పొయ్యిలో పెట్టి కాల్చుకునేవాళ్లం.

యాంప్లిఫయర్లు రెండు. మా ఇంట్లో ఎవరూ యాంప్లిఫయరు అనేవాళ్లు కాదు, సెట్టు అంటే అదే. ఒకటి నేను పుట్టక ముందు బాబాయి తెనాలిలో సెకండ్ హ్యాండులో కొన్న వాల్వుల సెట్టు, అంటే గాజు బల్బుల్లాంటి వాల్వులతో నడిచేది. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఆన్ చేశాక కాసేపు ఉలుకూ పలుకూ ఉండదు. వాల్వుల్లో మెల్లగా నారింజ రంగు వెలుగు పాకుతుంది, ఆ తర్వాతే గొంతు లేస్తుంది. చలికాలం తెల్లవారుజామున ధనుర్మాసం పాటలు పెట్టేటప్పుడు దాని పక్కన చేతులు చాపుకుని కూర్చునేవాణ్ని. కుంపటిలాగే ఉండేది. రెండోది 50 వాట్ల ట్రాన్సిస్టర్ సెట్టు, అహూజా వాళ్లది. 1940లో మొదలైన ఢిల్లీ కంపెనీ అది. మైకు సెట్టు అంటే మా వైపు ముందు గుర్తొచ్చే పేరు అదే. ఈ సెట్టు కరెంటు మీదా నడిచేది, 12 వోల్టుల కారు బ్యాటరీ మీదా నడిచేది. బాబాయి దాన్ని విజయవాడ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం ఈ రెండు సెట్ల మధ్య తేడా.

"ఒరేయ్ అబ్బాయ్, వాల్వుల సెట్టుకు గొట్టాలు కట్టకుండా కరెంటు ఇవ్వబాకు. ట్రాన్సిస్టర్ సెట్టుకు తీగలు ఒకదానికొకటి తగలనియ్యబాకు. ఈ రెండూ గుర్తుంటే మిగతాది నేను చూసుకుంటా."

ఎందుకో తర్వాత అర్థమైంది. వాల్వుల సెట్టులో పుట్టిన శక్తి గొట్టాల్లోకి పోవాలి. పోయే దారి లేనప్పుడు పాట పెడితే లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజీ పెట్రేగిపోయి తీగచుట్ట కాలిపోతుంది. ట్రాన్సిస్టర్ సెట్టుది వేరే బాధ. బయట తీగలు కలిసిపోతే అడ్డూ ఆపూ లేకుండా కరెంటు లాగేసి ట్రాన్సిస్టర్లు చచ్చిపోతాయి. ఫ్యూజు వాటికంటే ముందు పోతే అదృష్టం.

సెట్టు వెనక స్క్రూల వరస ఉండేది. మొదటిది కామన్, అన్నిటికీ ఉమ్మడిది. తర్వాత 4, 8, 16 అంకెలు, చివర 70 వోల్టులు, 100 వోల్టులు. మా యూనిట్లు ఒక్కొక్కటీ కరెంటుకు పెట్టే అడ్డు 16 ఓమ్స్. ఒక్క గొట్టం కడితే తీగ 16 మీద పెట్టాలి. రెండు పక్కపక్కన కడితే 8 మీద. నాలుగు కడితే 4 మీద. గొట్టాలు పెరుగుతుంటే అంకె తగ్గడమేంటని నేను మొండికేశాను. బాబాయి నన్ను కాలవ గట్టుకు తీసుకుపోయి తూము చూపించాడు.

"ఒక్క తూముంటే నీళ్లకు అడ్డు ఎక్కువా తక్కువా?"

"ఎక్కువ."

"నాలుగు తూములు పెడితే?"

అప్పటికి ఓమ్స్ అంటే ఏమిటో బళ్లో చెప్పలేదు. చెప్పిన రోజున నేను మాత్రం చెయ్యెత్తి తూముల లెక్క చెప్పాను. మాస్టారు నన్ను బోర్డు దగ్గరకు పిలిచి అందరికీ మళ్లీ చెప్పించారు.

తీగ బిగించడం కూడా ఒక పనేనా అనిపిస్తుంది చూసేవాళ్లకి. మేం వాడింది 14/36 తీగ, అంటే ఒక్కో పాయలో 36 గేజి సన్నటి రాగి పోగులు పద్నాలుగు. బ్లేడుతో పైతోలు చుట్టూ గాటు పెట్టి లాగాలి. ఒత్తిడి ఎక్కువైతే రెండు మూడు పోగులు తెగిపోతాయి. తోలు ఊడాక పోగులన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దీపం వత్తిలాగా గట్టిగా పురి పెట్టాలి. ఆ వత్తిని కొక్కెంలా వంచి స్క్రూ చుట్టూ వెయ్యాలి. ఏ వైపు నుంచి వెయ్యాలన్నది ముఖ్యం. స్క్రూ తిరిగే వైపే కొక్కెం కూడా తిరిగి ఉండాలి. అప్పుడు బిగిస్తున్న కొద్దీ తీగ లోపలికి ముడుచుకుంటుంది. ఎదురు వేస్తే బిగిస్తున్న కొద్దీ బయటికి జారుతుంది.

నేను మొదటిసారి సొంతంగా కట్టింది ఎదురు వేశాను. పురి కూడా సరిగ్గా పెట్టలేదు. ఒక్క పోగు, వెంట్రుక కంటే కాస్త లావు, జారి పక్క స్క్రూకి తగిలింది. స్విచ్చి వెయ్యగానే ఏమీ కాలేదు. రికార్డు పెట్టి వాల్యూము తిప్పగానే టప్పుమంది, సెట్టు ముందున్న ఎర్ర లైటు ఆరిపోయింది. పందిట్లో పెద్దలంతా నా వంకే చూస్తున్నారు. నాకు కాళ్లు వణికాయి. బాబాయి తిట్టలేదు. టార్చి వేసి వెనక చూశాడు, ఆ పోగును గోటితో పట్టుకుని నాకు చూపించాడు. "ఇదిగో, ఈ పోగు" అన్నాడంతే. కొత్త ఫ్యూజు తీగ నా చేతికిచ్చి నన్నే వెయ్యమన్నాడు. ఈ రోజుకీ ఇంట్లో ప్లగ్గు బిగించినా, పిల్లలు చూసి నవ్వినా, పోగులు లెక్కపెట్టినట్టు చూసుకుంటాను.

గొట్టాలు ఎక్కడ కట్టాలన్నది ఊళ్లో ఎప్పుడూ పెద్ద చర్చే. ఎవరి వీధిలో వాళ్లకు ఒక గొట్టం కావాలి. పక్క ఊళ్ల మైకువాళ్లు అడిగినవాళ్లందరికీ కట్టేవాళ్లు. బాబాయి ఒప్పుకునేవాడు కాదు. నాలుగు గొట్టాలూ రావిచెట్టు పక్కన ఒకే పొడవాటి వెదురు బొంగు మీద, ఒకదానికొకటి వీపులు ఆనించినట్టు కట్టేవాడు. ఒక ఏడాది కమిటీ పెద్దలు పట్టుబట్టారు. కాలవ వైపు వాళ్లకు సరిగా వినపడటం లేదు, అక్కడ ఒక గొట్టం పెట్టాల్సిందే అని. సరేనని కట్టాం.

ముందు అది పలకనే లేదు. పలికినా పిల్లి కూతలా ఉంది. తప్పు తీగది. ఆ సన్నటి తీగ వంద మీటర్లు లాగితే, పోనూ రానూ రెండు వందల మీటర్ల రాగి. దాని అడ్డే ఎనిమిది ఓమ్స్ పైన. గొట్టం 16 ఓమ్స్. మేం లాగింది అంతకంటే ఎక్కువ దూరం. అంటే సెట్టు ఇచ్చిన దాంట్లో సగానికి దగ్గరగా దారిలోనే తీగ తినేస్తోంది. దానికి మందు సెట్టు వెనక చివరి స్క్రూలో ఉంది. 100 వోల్టుల లైను. కరెంటువాళ్లు పెద్ద లైన్లలో వోల్టేజీ పెంచి పంపి ఊరి చివర ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గిస్తారు కదా, ఇదీ అదే పద్ధతి. వోల్టేజీ ఎక్కువగా ఉంటే తీగలో పారే కరెంటు తక్కువ, నష్టమూ తక్కువ. గొట్టం దగ్గర చిన్న లైను ట్రాన్స్‌ఫార్మరు పెట్టి మళ్లీ దించాలి. బాబాయి విజయవాడ వెళ్లి ఒకటి తెచ్చాడు. పెట్టగానే గొట్టం ఖంగుమంది. నేను గంతులేశాను.

అప్పుడు ఆయన ఎప్పటిలాగే నన్ను చివరింటికి పంపించాడు.

ఆ చివరిల్లు గురించి చెప్పాలి. కాలవ గట్టు మీద ఊరికి ఆఖరి ఇల్లు, తాటాకుల పాక. ఒక మామ్మ ఒక్కతే ఉండేది. ఒక పాడి గేదె, రెండు మూడు కోళ్లు. ఏ కార్యానికి మైకు కట్టినా బాబాయికి లెక్క ఆమెతోనే. సెట్టు సిద్ధమయ్యాక నాబ్‌లన్నీ సున్నాకు తిప్పి, స్విచ్చి వేసి, మైకు నాబ్ ఒక్కటే మెల్లగా పెంచేవాడు. మైకు మీద వేలితో కొట్టడం, ఊదడం చేస్తే ఆయనకు మహా కోపం. లోపలి పొర సున్నితమైందిరా, నీ చెవిలో ఎవరన్నా అట్టా ఊదితే ఊరుకుంటావా అనేవాడు. "హలో, హలో, మైకు టెస్టింగ్, ఒకటి, రెండు, మూడు" అన్నాక, ఊరందరికీ అలవాటైన ఆ మూడు మాటలు అనేవాడు. "శనగలు, సజ్జలు, చింతపండు."

కొత్తవాళ్లు కిరాణా కొట్టు ప్రకటన అనుకునేవాళ్లు. సంగతేంటంటే శ, స, జ, చ లాంటి అక్షరాలు మైకులో ముందు చెడిపోతాయి. బొంగురు ఎక్కువై సన్నపాటి ధ్వనులు తగ్గితే పాట బాగానే ఉన్నట్టుంటుంది, మాట మాత్రం అర్థం కాదు. ఆయన ఆ మాటలు అంటుండగా నేను కాలవ గట్టు మీద పరుగెత్తి, మామ్మ ముంగిట్లో నిలబడి అడగాలి.

"మామ్మా, ఏమన్నాడు?"

ఆమె మూడు మాటలూ తిరిగి చెబితే సరే. "ఏందో, గనగలు అంటున్నాడు" అంటే నేను వెనక్కు పరుగెత్తి చెప్పాలి. బాబాయి బేస్, అంటే బొంగురు, తగ్గించి, ట్రెబుల్, అంటే సన్నపాటి ధ్వని, ఒక గీత పెంచేవాడు. గొట్టాలకు ఎలాగూ బేస్ పడదు. డోలు దెబ్బలు గట్టిగా పెడితే యూనిట్‌లో డయాఫ్రం పొర చిరిగిపోతుంది. అందుకని ఆ నాబ్ ఎప్పుడూ ఎడమ పక్కకే ఉండేది.

ఆ రోజు కొత్త గొట్టం ఖంగున మోగుతుంటే మామ్మ మొహం చిట్లించింది. "ఇద్దరు మగాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు మాట్టాడుతున్నట్టుందిరా" అంది. నేనూ నిలబడి విన్నాను. నిజమే. దగ్గర గొట్టం "శనగలు" అన్న అర సెకను తర్వాత గుడి దగ్గరి గొట్టాల నుంచి మళ్లీ "శనగలు". వెళ్లి చెప్పాను. బాబాయి తల పట్టుకోలేదు, నవ్వాడు. "మామ్మ చెవులు మీటరు కంటే గట్టివిరా" అన్నాడు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. రెండు గొట్టాల మధ్య 170 మీటర్లుంటే అర సెకను తేడా. తీగలో వచ్చిన మాట ముందొస్తుంది, గాలిలో వచ్చిన మాట వెనకబడుతుంది. పాట అయితే ఓర్చుకోవచ్చు, పంతులుగారి మాటకు ఓర్చుకోలేం. చీకటి పడకముందే ఆ గొట్టం దించి, మళ్లీ బొంగు మీదికే తెచ్చాం. ఈసారి రెండు గొట్టాలు కాలవ వైపు తిప్పి, ఒకటి పోలేరమ్మ గుడి వైపు, ఒకటి స్టేషను వైపు పెట్టాం.

మర్నాడు మామ్మ ఇంకో మాట అంది. ఇవ్వాళ గొంతు పీలగా ఉంది, నీరసంగా ఉన్నాడా మీ బాబాయి అని. రెండు గొట్టాలు పెట్టినా పీలగా ఎందుకుంటుంది? బొంగు దించి చూస్తే పక్కపక్కన ఉన్న ఆ రెండు యూనిట్లలో ఒకదానికి తీగలు అటుదిటు పడ్డాయి. ఎర్ర చుక్క ఉన్న స్క్రూకి వెళ్లాల్సిన తీగ రెండోదానికి వెళ్లింది. ఒకటి గాలిని తోస్తుంటే రెండోది లాగుతోంది. ఒకదాన్నొకటి మింగేసుకుంటున్నాయి. కట్టింది నేనే. అప్పటి నుంచి ఎర్ర చుక్క వైపు తీగకు ముడి వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. ముడి ఉన్నది ఎర్ర చుక్కకు. చీకట్లో కూడా చేతికి తెలుస్తుంది.

ఆ రోజుల్లో ఒకసారి నాకు నిజంగా భయమేసింది. కార్తీకమాసంలో హరికథ. పొద్దున వాన పడి మండపం ముందు నేల ఇంకా తడిగానే ఉంది. దాసుగారు గజ్జెలు కట్టుకుని, ఒట్టికాళ్లతో వచ్చి మైకు స్టాండు పట్టుకోగానే చెయ్యి వెనక్కు లాక్కున్నారు. "నాయనా, మైకు కరుస్తోంది" అన్నారు. జనం నవ్వారు. బాబాయి మొహం తెల్లబోయింది. పరుగున వెళ్లి ప్లగ్గు పీకేశాడు. మాది రెండు పిన్నుల ప్లగ్గు, ఎర్తు లేదు. లోపలి ట్రాన్స్‌ఫార్మరు నుంచి కాస్త కరెంటు సెట్టు ఇనప డబ్బాకు చేరింది. డబ్బా నుంచి మైకు తీగ పైనున్న రాగి అల్లికకు, అక్కడి నుంచి మైకు ఒంటికి, అక్కడి నుంచి తడి నేల మీదున్న మనిషికి. చిన్న చురుకుతో పోయింది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం కథ అరగంట ఆలస్యమైనా బాబాయి లెక్కచెయ్యలేదు. బోరింగు పంపు పక్కన ఎప్పుడూ నీళ్లు నిలిచే చోట నాలుగడుగుల ఇనప కడ్డీ దించి, చుట్టూ ఉప్పు, బొగ్గులు వేసి, అక్కడి నుంచి లావు తీగ తెచ్చి సెట్టు డబ్బాకు బిగించాడు. దాసుగారి కంటే ముందు తను చెప్పులు విప్పి, తడి నేల మీద నిలబడి మైకు పట్టుకున్నాడు. పక్కనే నేనున్నాను. ఆయన చెయ్యి వణకడం చూశాను.

ఇంకో లాభం కూడా జరిగింది. ఎన్నాళ్లుగానో వెనక గుంయ్‌మని వినిపించే రొద ఆ ఎర్తుతో తగ్గిపోయింది. మిగిలిన కాస్తా మైకు జాక్‌లో ఉందని తేల్చి, రాగి ముక్కను పొయ్యిలో పెట్టించాడు. మైకు తీగలో నడుమ ఒక సన్న తీగ, దాని చుట్టూ అల్లిన రాగి వల ఉంటాయి. ఆ వల ఎక్కడ వదులైనా రొద లోపలికొస్తుంది. రాగి ముక్క ఎర్రబడకూడదు, బాగా కాగితే చాలు. దాన్ని పేస్టులో ముంచితే చుయ్‌మని పొగ లేచేది. ఆ వాసన నాకు ఇప్పటికీ ముక్కుకు తగులుతున్నట్టే ఉంటుంది. టంకం ముక్క దాని కొసన పెడితే వెండి చుక్కలా కరిగి మెరిసేది. ఆ చుక్కను జాక్ మీదున్న వలకు ఆనించి, చల్లారేదాకా చెయ్యి కదపకుండా, ఊపిరి బిగబట్టి ఉండాలి. కదిలితే టంకం మసకబారుతుంది, మసకబారిన అతుకు నాలుగు రోజులు కూడా ఆగదు. అద్దంలా మెరిస్తేనే నమ్మాలి. ఆయన అతికినవి అద్దంలా మెరిసేవి. నావి ఎన్నాళ్లకో గానీ మెరవలేదు.

ఎన్నికలప్పుడు మాకు క్షణం తీరిక ఉండేది కాదు. 1983 జనవరి ఎన్నికలకు ట్రాన్సిస్టర్ సెట్టు ఇరవై రోజులు రిక్షా దిగలేదు. సీటు కింద బ్యాటరీ, ముందొక గొట్టం, వెనకొక గొట్టం. ఏ పార్టీ వాళ్లు పిలిచినా బాబాయి ఒకేలా కట్టేవాడు. నాయకులతో ఒక్కటే చిక్కు. ఊపు వచ్చినప్పుడు మైకు తలను గుప్పిట్లో పట్టుకుంటారు. అలా మూసేస్తే మైకు అన్ని వైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది, గొట్టం నుంచి వచ్చిన మాటనే మళ్లీ మింగి కీ...మని కూస్తుంది. అయ్యా, కింద పట్టుకోండయ్యా అని నేను చెయ్యి జోడించి చెప్పిన సభలు చాలా ఉన్నాయి.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. రికార్డుల పెట్టె అటక ఎక్కింది. నేను డిగ్రీకి వెళ్లాను, ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాదు వచ్చేశాను. ఇప్పుడు మా ఊళ్లో నవమికి లారీల మీద బాక్సులొస్తాయి. కిందటేడు వెళ్లాను. ఇళ్ల కిటికీలు అదురుతున్నాయి, గుండెలో దరువు పడుతోంది. కళ్యాణం చేయిస్తున్న పంతులుగారు ఏమంటున్నారో పక్కనే కూర్చున్న నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడుస్పీకర్లు మోగకూడదని 2000లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మా బాబాయి అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే నాటకం రోజు తప్ప రాత్రి పది దాటితే గొట్టాల్లో రెండింటి తీగలు ఊడదీసి, మిగిలిన రెండూ పందిట్లోకి తిప్పేవాడు. రెండు తగ్గించినప్పుడు తీగ 4 మీద నుంచి 8 మీదికి మార్చడం మర్చిపోకురా అని ప్రతిసారీ గుర్తు చేసేవాడు. చంటిపిల్లలున్న ఇళ్లు ఏవో ఆయనకు తెలుసు. ఆ లారీ బాక్సుల ముందు నిలబడి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ ట్రాన్సిస్టర్ సెట్టు చేసిన పనుల్లో నేను ఎన్నటికీ మరిచిపోలేనిది 1990 మే నెలది. సెలవులకు ఇంటికొచ్చాను. తుఫాను వస్తోందని రేడియోలో రెండు రోజులుగా చెబుతున్నారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మా పెద్దవాళ్ల కళ్లల్లో ఇంకా అలాగే ఉంది. కృష్ణకు అటు దివిసీమ, ఇటు మేము. మే 9 నాటికి గాలి పెరిగింది, కరెంటు పోయింది. పూరిళ్లవాళ్లందర్నీ హైస్కూలు మేడకు తరలించాలని పంచాయతీ వాళ్లు బాబాయిని పిలిచారు. ముందు రిక్షాకు కట్టి బయల్దేరాం. పోలేరమ్మ గుడి దాకా బాగానే వెళ్లింది. కాలవ వైపు మట్టిరోడ్డులో చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. బయటికి లాగేసరికి చీకటి పడుతోంది.

బాబాయి వెనక్కి తిప్పి, రామాలయం మండపం మీదికి నన్నెక్కించాడు. రావిచెట్టు కొమ్మలు పటపటమని విరుగుతున్నాయి, బొంగు నిలబడే పరిస్థితి లేదు. రెండు గొట్టాలు మండపం పిట్టగోడకు తాళ్లతో కట్టి, నోళ్లు కాలవ వైపు తిప్పి, నీళ్లు చేరకుండా కాస్త కిందికి వంచాను. వేళ్లు తడిసి తీగ జారిపోతోంది. పళ్లతో తోలు లాగి, పురి పెట్టి, ముడి ఉన్న తీగ ఎర్ర చుక్కకు, లేనిది రెండోదానికి. చీకట్లో చేతులే చూశాయి. కింద బాబాయి సెట్టు మీద గోనెసంచి కప్పి, బ్యాటరీ తగిలించి, తీగ 8 మీద పెట్టాడు. సంచిలోకి తల దూర్చి, మైకు పెదాలకు ఆనించి, మాట మాట విడదీసి చెప్పాడు.

"తుఫాను వస్తున్నది. పూరిళ్లలో ఉన్నవాళ్లందరూ. పిల్లా జెల్లాతో. హైస్కూలు బిల్డింగుకు రండి."

అలా ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. గాలి పడమటికి కాసేపు, దక్షిణానికి కాసేపు మారుతోంది. ఒకసారి మాట పోతుంది, ఒకసారి పోదు. నా కాళ్లు వాటంతట అవే కాలవ గట్టు దారి పట్టాయి. బాబాయి కేకేశాడో లేదో కూడా వినపడలేదు. టార్చి వెలుగులో వాన అడ్డంగా కొడుతోంది. మామ్మ పాక దగ్గరకు చేరేసరికి పైకప్పు ఒక పక్క లేచిపోతోంది. గేదె కట్టు విప్పేసి ఉంది. తలుపుకు బయట గొళ్లెం వేసి ఉంది. ఎంత అరిచినా పలుకు లేదు. గట్టు పొడుగునా టార్చి వేసుకుంటూ, పిలుచుకుంటూ వెనక్కి వచ్చాను. హైస్కూలు దగ్గరకు వచ్చేసరికి గొంతు పోయింది.

పదో తరగతి గదిలో లాంతరు వెలుగుతోంది. జనం గోడలకు ఆనుకుని కూర్చున్నారు. ఒక మూల మామ్మ, తడి చీర కొంగు పిండుకుంటూ. ఒళ్లో మూట, పక్కన గంప, గంప కింద కోళ్ల చప్పుడు.

"మామ్మా!" అన్నాను. ఇంకేం మాట రాలేదు.

ఆమె నా వంక తేరిపార చూసింది. "ఏందిరా, ఇయ్యాల శనగలు, సజ్జలు అనకుండానే మొదలుపెట్టాడు మీ బాబాయి?" అంది. తర్వాత గంప మీద చెయ్యి వేసి చెప్పింది. "హైస్కూలుకు రమ్మన్నది బాగా వినపడింది. ఎవరెవరు రావాలన్నాడో, ఆ మాట గాలి కొట్టుకుపోయింది. అందుకే వీటిని కూడా తెచ్చా."